ఏడు వానాకాలాలు చూసిన సున్నపు పూత: నేలలో కూరుకున్న రాతి గోడ కథ

బేతంచెర్ల దగ్గర మా తాతల నాటి ఇల్లు వాలులో ఉంటుంది. రెండడుగుల మందం రాతి గోడలు, రాళ్ల మధ్య మట్టి, పైన సున్నం. వెనక సందులో సిమెంటు రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేస్తూ పోయేసరికి, వెనక గది గోడ మూడడుగుల మేర నేలలో కూరుకుపోయింది. మా అవ్వ ధాన్యం దాచుకున్న గదిలో బియ్యం సంచి కూడా పెట్టలేని పరిస్థితి.

2016లో ఒక కాంట్రాక్టరు మాట విని, లోపలివైపు నీరు దిగని రసాయనం కలిపి సిమెంటు పూత వేయించాను. రెండో వానాకాలానికి మోకాలి ఎత్తున ఉన్న చెమ్మ గీత ఛాతీ దాకా ఎక్కింది. వేలితో తడితే గోడంతా డొల్ల శబ్దం. ఒక పెచ్చు ఊడదీసి చూస్తే రాళ్ల మధ్య మట్టి పిండిముద్దలా ఉంది, వేలు రెండో కణుపు దాకా దిగింది. బయటి నీళ్లు వస్తూనే ఉన్నాయి, ఆరే దారి మాత్రం మూసేశాం. ఆ రోజు నిజంగా భయపడ్డాను.

2018 వేసవిలో పక్క ఊరి పాత సున్నపు మేస్త్రీ వచ్చారు. "ముందు బయట నీళ్లను పట్టుకోవాలమ్మా, గోడ సంగతి తర్వాత" అన్నారు. గోడకూ సందుకూ మధ్య మూడడుగుల సొంత జాగా ఉండటం మా అదృష్టం. అక్కడ కందకం తవ్వించారు, అదీ ఒకేసారి కాదు. నాలుగడుగుల పొడవు తవ్వడం, పూడ్చడం, మళ్లీ నాలుగడుగులు. పునాది అడుగు దాటి గడ్డపార దించనివ్వలేదు. మట్టితో కట్టిన రాతి గోడకు అది ప్రాణాంతకం. అడుగున చిల్లుల గొట్టం, ఎనిమిది అడుగులకు అంగుళం వాలు, చుట్టూ వడపోత గుడ్డ, పైన కంకర. చూరు నీళ్లను కూడా అటు పడకుండా మళ్లించారు.

లోపల సిమెంటంతా ఒలిచి నాలుగు నెలలు ఆరబెట్టాం. ఆరేకొద్దీ గోడ మీద తేలే ఉప్పును పొడిగానే బ్రష్షుతో దులపాలి, కడిగితే మళ్లీ గోడలోకే వెళ్తుంది. నెల రోజులు నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, కొంత ఇటుక పొడి. చెమ్మ గోడ మీద వట్టి సున్నం సరిగా గట్టిపడదు, ఇటుక పొడి కలిస్తే పట్టు వస్తుంది. మూడు పూతలు వేశారు, మధ్యలో తడి గోనెలు కప్పారు. ఖర్చు సిమెంటు పనికి రెట్టింపు దాటింది.

ఇప్పుడు ఎలా ఉంది? ముక్కవాసన పోయింది, పెచ్చు ఒక్కటీ ఊడలేదు. అక్టోబరు వానలకు గోడ అడుగున జానెడు ఎత్తున నల్లబడుతుంది, సంక్రాంతికల్లా ఆరిపోతుంది. కొద్దిగా ఉప్పు పొడి రాలుతుంది, ఏటా సున్నం వేయాల్సిందే. ఒక మూల మాత్రం పెయింటర్ నూనె రంగు పూశాడు, మరుసటి వానలకు అది పూరీలా పొంగింది. గీకించి మళ్లీ సున్నమే వేయించాను. బీరువాను గోడకు జానెడు దూరంలో ఉంచుతాం.

బయట తవ్వే చోటు లేనివాళ్లకు ఒక్క సున్నపు పూతతో ఇంత ఫలితం వస్తుందని నేను చెప్పను. మా గదిని కాపాడింది ఎక్కువగా ఆ కందకమే. ఏటా మొదటి పెద్ద వానకు గొడుగు వేసుకుని గొట్టం మూతి దగ్గరికి వెళ్తాను. నీళ్లు వేలు లావున ధారగా రావాలి. నిరుడు సన్నబడితే, మూతిలో పేరుకున్న ఒండ్రు రెండు బుట్టలు తీయించాను.