పాతనగరంలో ఒక తెలుగు చర్చి: స్నేహం కోసం వెళ్లేవారికి ఎలా ఉంటుంది?

విశాఖపట్నం పాతనగరంలో తెలుగు ఆరాధన జరిగే ఒక ప్రొటెస్టెంటు చర్చికి నేను కొన్నేళ్లుగా వెళ్తున్నాను. విశ్వాసం విషయంలో నా మనసు ఇంకా ఎటూ తేలలేదు. ఉద్యోగరీత్యా ఈ ఊరు చేరి, ఆదివారం పలకరించే మనిషి లేక ఇబ్బంది పడేవారికి ఆ సంఘం ఎంతవరకు తోడవుతుందో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

లండన్ మిషన్ వారు 1805లోనే ఇక్కడికి వచ్చి తెలుగులో సువార్త పని ప్రారంభించారు కాబట్టి, పాతనగరపు సంఘాల్లో తరతరాలుగా కొనసాగుతున్న కుటుంబాలు కనిపిస్తాయి. కొత్త ముఖాన్ని వారు ఇట్టే గుర్తుపడతారు. మొదటి ఆదివారమే ఒక పెద్దావిడ నన్ను ఆపి, "ఏ ఊరు బాబూ మీది? ఎవరి తాలూకా?" అని అడిగి, సమాధానం పూర్తిగా విన్న తరువాతే కదలనిచ్చారు. పెద్ద నగరంలో అలా నిలబెట్టి అడిగేవారు ఉండడం చిన్న విషయమేమీ కాదని నా అభిప్రాయం.

ఆరాధన రెండు గంటలకు తగ్గదు. ప్రసంగం దీర్ఘంగా ఉంటుంది, స్పీకర్ల శబ్దం ఎక్కువ. అయితే హార్మోనియం, తబలాలతో కర్ణాటక రాగాల్లో పాడే పాత తెలుగు కీర్తనలు మాత్రం ఎంతసేపైనా వినాలనిపిస్తాయి. అందరితో గొంతు కలిపినప్పుడు కలిగే ఆనందం నమ్మకం ఉన్నవారికీ లేనివారికీ ఒక్కటే.

నా దృష్టిలో అసలు విలువ ఆరాధన ముగిశాక వరండాలో ఉంది. ప్రకటనల్లో ఎవరికి జ్వరం, ఎవరి ఇంట్లో ఆపరేషన్, ఎవరి పిల్లవాడికి ఉద్యోగం కావాలి అన్నవి చెబుతారు. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రిలో) ఉన్న రోగికి రక్తం అవసరమంటే, టీ గ్లాసులు కింద పెట్టేలోపే ఇద్దరు ముగ్గురు బయలుదేరడం నేను చూశాను. 2014 అక్టోబరు 12న, ఆదివారం నాడే, హుద్‌హుద్ తుపాను తీరం దాటింది. కరెంటూ నీళ్లూ లేని ఆ తరువాతి రోజుల్లో చర్చి ఆవరణలోనే ఉమ్మడిగా వండుకుని, చుట్టుపక్కలవారికీ పెట్టిన సంగతి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. కోత పండుగనాడు కూరగాయలూ కోళ్లూ వేలం వేసేటప్పుడు, వంకాయల బుట్ట కోసం ఇద్దరు పెద్దమనుషులు పట్టుదలగా పాట పెంచుతుంటే, కొత్తవాడు కూడా బిడియం మరచి నవ్వుతాడు.

నమ్మకం లేకుండా వెళ్లడం న్యాయమా అన్న ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. అందుకే నా పరిస్థితిని సంఘ కాపరి అయ్యగారికి మొదట్లోనే చెప్పాను. ఆయన "రావడం మానకండి, అడగాలనిపించినవి అడగండి" అన్నారు. విశ్వాసానుభవాన్ని అందరి ముందు చెప్పే సాక్ష్యం నేను చెప్పను, యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభురాత్రి భోజనం వేళ నా చోటనే కూర్చుంటాను. ఇంతవరకు ఎవరూ నొప్పించలేదు. అంతకుముందు వెళ్లిన వేరొక సంఘంలో కొద్ది వారాలకే బాప్తిస్మం ఎప్పుడని ఒత్తిడి చేశారు కాబట్టి, ఈ ఓర్పు విలువ నాకు బాగా తెలుసు. నిజానికి ఈ ఊరికి ఇది కొత్త కాదు. డిసెంబరు 8న రాస్ కొండ మీద మేరీమాత గుడికి ఎక్కేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు.

కానుక విషయంలో బలవంతం లేదు. కానీ స్నేహాన్ని తీసుకునేవారు పనిలోనూ పాలు పంచుకోవాలి: సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో వడ్డించడం, కుర్చీలు సర్దడం, ఆసుపత్రిలో ఉన్నవారిని చూసి రావడం. పెళ్లికాని వారికి సంబంధాల గురించి ప్రశ్నలు తప్పవు. అది ఇబ్బంది అనుకునేవారు ముందే సిద్ధపడాలి.

పాత పోస్టాఫీసు వైపు వెళ్లే సిటీ బస్సుల్లో చేరుకోవచ్చు. ఇరుకు వీధుల్లో కారు నిలపడం కష్టం. ప్రభురాత్రి భోజనం నెల మొదటి ఆదివారం ఉంటుంది కాబట్టి, తొలిసారి వెళ్లేవారు రెండో ఆదివారం వెళితే ఏ సంకోచమూ ఉండదు. నవంబరులో అయితే క్రిస్మస్ పాటల సాధన మొదలవుతుంది, అప్పుడు గొంతు ఎలా ఉన్నా యువజనులు వెంటనే కలుపుకుంటారు.