కోఠిలో రెండు రోజుల నడక

ఖమ్మం నుంచి హైదరాబాద్ ఎన్నిసార్లు వచ్చినా చార్మినార్, గోల్కొండ, ట్యాంక్‌బండ్ చూసి వెళ్లిపోవడమే నాకు అలవాటు. ఈసారి వెంట వచ్చిన మా బాబాయ్ షరతు పెట్టాడు: ఆటో ఎక్కకూడదు, మూసీ దాటకూడదు. డిగ్రీ రోజుల్లో ఆయన కోఠిలోనే గది తీసుకుని ఉన్నాడు. డెబ్బై దాటినా నడకలో నాకంటే నయం.

అందుకే లాడ్జి కూడా కోఠిలోనే చూసుకున్నాం. డబుల్ రూమ్ రోజుకి 1,500. గది శుభ్రంగానే ఉంది. కానీ ఫోన్లో 24 గంటలూ వేడినీళ్లు అన్నవాళ్లు, తీరా దిగాక పొద్దున ఏడు తర్వాతే అన్నారు. మేం బయల్దేరేది ఆరున్నరకి, కాబట్టి రెండు రోజులూ చన్నీళ్లే. గది రోడ్డు వైపు ఇస్తే తీసుకోకండి, హారన్లతో నిద్ర పట్టదు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. పొద్దున తిరిగొచ్చి, ఎండ పూట కాసేపు నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ బయల్దేరే వీలు దూరంగా ఉంటే దొరకదు.

శనివారం ముందుగా విమెన్స్ కాలేజీకి వెళ్లాం, ఇప్పుడది మహిళా యూనివర్సిటీ. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఇంగ్లీషువాళ్ల ప్రతినిధిగా ఉండే రెసిడెంటు బంగళా, అదే. అనుమతి లేదని గేటు దగ్గరే ఆపేశారు. ఆడపిల్లలు చదువుకునే చోటు కదా, తప్పేమీ లేదు, ముందే కనుక్కోవాల్సింది మేమే. ఆదివారం మనిషికి 400 కట్టి ఒక వాక్ గ్రూపుతో లోపలికి వెళ్లాం. ముందు వైపు ఆ ఎత్తైన స్తంభాలు, మెట్లకి అటూ ఇటూ సింహాలు చూస్తే, ఇది మన బస్టాండు పక్కన ఉందంటే నమ్మబుద్ధి కాదు. రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ 1800ల మొదట్లో కట్టించాడు, ఖర్చు మాత్రం నిజాందే. ఆయన పెళ్లాడిన ఖైరున్నిసా పరదా దాటి ముందు వైపుకి రాకూడదు కాబట్టి, ఆవిడ చూడడానికి బంగళా నమూనాని వెనక తోటలో చిన్నగా కట్టించాడని చెబుతారు. గైడ్ కుర్రాడు బాగా చదువుకున్నవాడే. కానీ ముప్పై మందిని తోలుకుంటూ నలభై నిమిషాల్లో తేల్చేశాడు. అందులో పది నిమిషాలు గ్రూప్ ఫొటోకే పోయాయి. పదిమందికి మించని గ్రూపు దొరికితేనే డబ్బులు కట్టండి.

గైడ్ చెప్పనిది బాబాయ్ చెప్పాడు. "ఒరేయ్, ఈ చుట్టుపక్కల బజారంతా అప్పట్లో నిజాం చట్టం కింద లేదు, రెసిడెంటు చేతిలో ఉండేది. అదే మనకి కలిసొచ్చింది." 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని దాడికి వచ్చింది ఈ రెసిడెన్సీ మీదికే. కోఠిలో ఆ పోరాటం గుర్తుగా స్తూపం ఉంది, బస్సు కోసం నిలబడ్డవాళ్లెవరూ దాని వంక చూడరు. కలిసొచ్చింది అన్నమాట మాత్రం సుల్తాన్ బజారులోకి వెళ్లేదాకా నాకు అర్థం కాలేదు.

గాజులు, చున్నీలు, నైటీల కొట్లు, నెత్తిన మెట్రో. ఆ సందడిలోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం. 1901 సెప్టెంబర్ 1న కొమర్రాజు లక్ష్మణరావు, నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు కలిసి పెట్టారు. మొదట రావిచెట్టు వారి ఇంట్లోనే నడిచింది. నిజాం రాజ్యంలో సభ పెట్టాలన్నా అనుమతి కావాల్సిన కాలంలో, తెలుగు పుస్తకాల కోసం ఒక చోటు ఏర్పాటు చేసుకోవడానికి ఇంగ్లీషువాళ్ల బజారు పనికొచ్చిందన్నమాట. లోపల ముగ్గురు పెద్దాయనలు పేపర్లు చదువుతున్నారు. పైన ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితం మూల లేస్తోంది, ఒకాయన చదువు ఆపకుండానే కళ్లజోడు పెట్టె దాని మీద పెట్టాడు. టికెట్ లేదు, గైడ్ లేడు. రెండు రోజుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. గంటసేపు ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు.

తిండికి వంక పెట్టలేం. గోకుల్ చాట్ దగ్గర నిలబడే తిన్నాం. 2007 ఆగస్టు 25న ఇక్కడే బాంబు పేలింది. ఇప్పుడు అక్కడ కాలు పెట్టే చోటు ఉండదు. బాబాయ్ మాత్రం ప్లేటు పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. గౌలిగూడలో చూడ్డానికి ఏమీ మిగల్లేదు. మిసిసిప్పి బస్టాండు అనే ఆ పెద్ద రేకుల షెడ్డు 2018 జూలైలో కూలిపోయింది. అంతకు కొద్ది రోజుల ముందే బస్సులు ఆపేయడంతో ప్రాణాలు పోలేదు.

ఆఖరున అఫ్జల్‌గంజ్. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కోసం ఇద్దరు ముగ్గుర్ని అడగాల్సి వచ్చింది. బోర్డులు లేవు అనను, మాకు కనబడలేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది ఈ చెట్టెక్కి బతికారు. ఆ వరదలో ఊళ్లో 15 వేల మంది పోయారంటారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టింది ఆ దెబ్బ తర్వాతే. మొదలు చుట్టుకొలత చూద్దామని బాబాయ్ చేతులు చాచాడు, సగం కూడా అందలేదు.

నీడలో ఒకావిడ స్టీలు టిఫిన్ విప్పి పిల్లాడికి అన్నం కలుపుతోంది. మేం చాలాసేపటి నుంచి కొమ్మల వంకే చూస్తున్నామేమో, జాలిగా అడిగింది: "మీ పేషెంటు ఏ వార్డులో ఉన్నారన్నా?"