చదును పాదాలకు ఆర్చ్ సపోర్ట్ ఇన్‌సోల్: 18 నెలల వాడకం తర్వాత

షూ లోపల పాదం కింద పెట్టుకునే అట్టే ఇన్‌సోల్. గట్టి ప్లాస్టిక్ అడుగు, పైన ఫోమ్, మడమ కూర్చునేందుకు గిన్నెలాంటి గుంట ఉన్న రకం ఇది. రోజంతా నిలబడే పనిలోనూ, పొద్దున ఓరుగల్లు భద్రకాళి చెరువు బండ్ మీద నడకలోనూ వాడినది. అరికాళ్ల అలసట బాగా తగ్గింది. నడుం నొప్పి తగ్గడంలో మాత్రం దీనిది సగం పాత్రే.

కొనేముందు తడి పాదంతో షాబాద్ బండ మీద నిలబడండి. లోపలి వైపు ఖాళీ లేకుండా నిండుగా అచ్చు పడితే చదును పాదమే. తర్వాత మునివేళ్ల మీద లేవండి. అప్పుడు అరికాలి లోపలి వైపు వంపు తేలితే ఇన్‌సోల్ పనికొస్తుంది. తేలకపోతే పాదం బిగుసుకుపోయిందన్నమాట. దానికి గట్టి ఇన్‌సోల్ పెడితే ఒత్తుకుని నొప్పి పెరుగుతుంది, ముందు ఎముకల డాక్టరుకు చూపించాలి.

వంపు కుంగినప్పుడు మడమ లోపలికి ఒరుగుతుంది. దాంతోపాటే మోకాలు, తొడ లోపలికి తిరుగుతాయి, కటి ముందుకు వాలి నడుం గుంట లోతవుతుంది. ఒక పాదమే ఎక్కువ కుంగితే ఆ కాలు పొట్టిదైనట్టు కటి ఆ పక్కకు దిగుతుంది. అయితే చదును పాదాలున్న అందరికీ నడుం నొప్పి రాదు. ఇన్‌సోళ్లు నడుం నొప్పిని రాకుండా ఆపలేవని వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2007 నాటి సమీక్ష గట్టిగానే తేల్చింది. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

షూలోని పాత అట్ట తీసేసే పెట్టాలి. దాని మీదే పెడితే మడమ పైకి లేచి షూ జారిపోతుంది. మొదటి రోజు గంట, ఆపైన రోజుకో గంట పెంచాలి. ఒకేసారి రోజంతా వేస్తే పిక్కలు పట్టేస్తాయి. షూ మడమ వెనక భాగం బొటనవేలితో నొక్కితే లోపలికి పోకూడదు. మెత్తటి షూలో ఎంత మంచి ఇన్‌సోల్ పెట్టినా పక్కకు ఒరుగుతుంది.

ఎనిమిదో నెలకే మడమ దగ్గర ఫోమ్ అణిగింది, ప్లాస్టిక్ మాత్రం చెక్కుచెదరలేదు. ఓరుగల్లు ఎండలో ఆరేస్తే జిగురు ఊడుతుంది, నీడలోనే ఆరబెట్టాలి. పెద్ద లోపం ఇంకోటి: చెప్పుల్లో పట్టదు. ఇంట్లో బండల మీద ఉత్త కాళ్లతో తిరిగినంతసేపూ పాదానికి ఆధారమే ఉండదు, వంపున్న చెప్పులు విడిగా కొనాల్సిందే.

నడుం నొప్పి తగ్గడంలో మిగతా సగం పని పిక్కలను సాగదీయడంతోనే అయింది. బిగిసిన పిక్క మడమను పైకి లాగుతుంది, ఆ బరువు వంపు మీద పడుతుంది. గోడకు చేతులు ఆనించి, వెనక కాలి మోకాలు తిన్నగా ఉంచి, మడమ లేవకుండా 30 సెకన్లు ఆగాలి. కాలికి మూడుసార్లు, రెండు పూటలా.

షుగరుతో అరికాళ్లు మొద్దుబారినవాళ్లు డాక్టరును అడగకుండా గట్టి ఇన్‌సోల్ వేయొద్దు, ఒత్తుడు పుండైనా తెలియదు. నడుం నొప్పితో పాటు కాలు బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.