నౌన్ కార్డుల పెట్టె: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఇంగ్లిష్ వ్యాకరణంలో నౌన్ల (నామవాచకాల) రకాలను పిల్లలకు నేర్పడానికి నేను చాలాకాలంగా ఒక కార్డుల పెట్టెను వాడుతున్నాను. ఒక్కో కార్డు మీద ఒక మాట, దానికో బొమ్మ ఉంటాయి. ప్రాపర్ (ప్రత్యేకమైన పేర్లు), కామన్ (సాధారణ పేర్లు), కలెక్టివ్ (సమూహాల పేర్లు), మెటీరియల్ (పదార్థాల పేర్లు), ఆబ్‌స్ట్రాక్ట్ (గుణాలు, భావాల పేర్లు) అని ఐదు గదులున్న పళ్లెంలో ఆ కార్డును సరైన చోట వేయాలి. నిర్వచనాలను వల్లె వేయించడం కంటే ఇది ఎంతో నయమే కానీ, పెట్టెను ఉన్నదున్నట్టుగా వాడితే సగం పనే జరుగుతుంది.

ప్రాపర్, కామన్ నౌన్ల వరకు దీనికి వంక పెట్టలేము. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అనే తేడా లేదు కాబట్టి మనుషుల పేర్లకూ ఊళ్ల పేర్లకూ క్యాపిటల్ లెటర్ రాయడం పిల్లలకు ఒక పట్టాన అలవాటు కాదు. ఈ కార్డులలో ప్రాపర్ నౌన్ల మొదటి అక్షరాన్ని ఎర్రగా అచ్చువేయడం వల్ల అది కంటికి పట్టేస్తుంది. మండే, జులై ప్రాపర్ గదిలోకి వెళ్తే సమ్మర్ మాత్రం కామన్ గదిలోకి ఎందుకు వెళ్తుందని చురుకైన పిల్లలు అడుగుతారు. వారాలకూ నెలలకూ పెద్దక్షరం ఉంటుందని, రుతువులకు సాధారణంగా ఉండదని చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు.

అసలు చిక్కు మెటీరియల్ గదితో మొదలవుతుంది. గ్లాస్ అనే కార్డు మీద నీళ్లు తాగే గ్లాసు బొమ్మ వేసి, వెనుక మాత్రం మెటీరియల్ నౌన్ అని జవాబు ఇచ్చారు. కిటికీ గ్లాస్‌తో చేశారన్నప్పుడు అది పదార్థమే; బల్ల మీద ఒక గ్లాస్ ఉందన్నప్పుడు అది లెక్కపెట్టగల వస్తువు, కామన్ నౌన్. ఐరన్, పేపర్ కూడా ఇంతే. ఏ మాట ఏ రకమో వాక్యమే తేలుస్తుంది, విడి మాట తేల్చలేదు. అందుకే నేను ప్రతి కార్డు వెనుక రెండేసి చిన్న వాక్యాలు రాసి అతికించాను. వాక్యం చదివాకే కార్డు వేయాలన్న నియమం పెట్టినప్పటి నుంచి పిల్లలు ఊహించి వేయడం బాగా తగ్గింది.

ఈ పెట్టెలో నాకు కనిపించిన పెద్ద లోటు కౌంటబుల్ (లెక్కపెట్టగలవి), అన్‌కౌంటబుల్ (లెక్కపెట్టలేనివి) అనే విభజన లేకపోవడం. పిల్లల రాతలో తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. తెలుగులో పాలు, నీళ్లు బహువచనాలు కనుక 'ద మిల్క్ ఆర్ హాట్' అని రాసేస్తారు. అడ్వైస్, ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్ మాటల చివర ఎస్ చేరుస్తారు. ఒక సలహా అనడానికి 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అనాలని, న్యూస్ చివర ఎస్ ఉన్నా దాని పక్కన ఈజ్ రావాలని, పోలీస్ చివర ఎస్ లేకపోయినా ఆర్ రావాలని విడిగా కార్డులు తయారుచేసుకోక తప్పలేదు. ఆబ్‌స్ట్రాక్ట్ నౌన్ అని పేరు పెట్టగలిగిన పిల్లవాడు కూడా 'యాన్ అడ్వైస్' అని రాస్తే, ఆ పేరు తెలియడం వల్ల ఒరిగేది పెద్దగా ఏమీ లేదని నా అభిప్రాయం.

ఆబ్‌స్ట్రాక్ట్ కార్డుల మీది బొమ్మలను మూసేయడం మంచిది. కరేజ్ అన్న మాటకు సైనికుడి బొమ్మ వేస్తే పిల్లలు దానిని మనిషిగానే చూసి కామన్ గదిలో వేస్తారు. బ్రేవ్ నుంచి బ్రేవరీ, కైండ్ నుంచి కైండ్‌నెస్ ఎలా వస్తాయో చూపిస్తే త్వరగా అర్థం చేసుకుంటారు.

కలెక్టివ్ కార్డులలో టీమ్, ఫ్యామిలీ, ఫ్లాక్ వంటివి చాలు. ఎవరూ వాడని సమూహాల పేర్లను నేను పక్కన పెట్టేశాను.

కార్డుల అంచులు వాడకానికి చీలాయి కానీ అచ్చు వెలిసిపోలేదు. పక్కన కూర్చుని వాక్యాలు చెప్పే ఓపిక ఉన్నవారు దీనిని నిశ్చింతగా కొనవచ్చు. పిల్లల చేతికిచ్చి వదిలేద్దామనుకునేవారికి మాత్రం నేను సిఫారసు చేయను.