ఫేస్ షీల్డు ఉంటే మాస్కు అక్కర్లేదని అమ్ముతున్నారు, నమ్మకండి (వైజాగ్ వాళ్లకి)

ఒళ్లు మండిపోతూ రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. ఈ 2020 కరోనా రోజుల్లో డాబాగార్డెన్స్ వైపు ఉన్న ఒక సర్జికల్ షాపు సంగతి. పేరు రాయను. అటు తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు కూడా, గుమ్మానికి ముఖం ముందు పెట్టుకునే ఆ ప్లాస్టిక్ షీల్డులు మామిడాకు తోరణంలా వేలాడదీసి ఉంటాయి.

మా అమ్మకి ఆయాసం. మాస్కు పెట్టుకుంటే పది అడుగులకే గడ్డం కిందకి లాగేస్తుంది. మార్చి 22న జనతా కర్ఫ్యూ పెట్టిన రోజు నుంచి గడప దాటలేదు. ఈసారి దసరా సరుకులు తనే చూసి కొంటానని ఒకటే గొడవ. షీల్డయితే ఊపిరాడుతుంది కదా అని వెళ్లాను. "దీంతో మాస్కు అవసరమే లేదు సార్, అన్ని షాపుల్లో ఒప్పుకుంటున్నారు. కేజీహెచ్ ఆసుపత్రిలో డాక్టర్లే ఇవి పెట్టుకుంటున్నారు" అన్నాడు షాపాయన. మూడు కలిపి 540. బిల్లు వద్దంటే 500 అన్నాడు. బిల్లు వద్దన్నాను, మహా తెలివైనవాణ్ణి కదా!

ఇంకోటి వినండి. ఈ మాటలు చెబుతున్నంతసేపూ ఆయన మూతికి ఎన్95 ఉంది, దాని మీద మళ్లీ ఒక సర్జికల్ మాస్కు. కళ్లారా చూశాను. రైతుబజారులో ఒక్కో వంకాయనీ తిప్పి తిప్పి పుచ్చు వెతికేవాణ్ణి, ఇది మాత్రం బుర్రకి తట్టలేదు.

నిన్న సాయంత్రం ఎంవీపీ కాలనీలో సూపర్ మార్కెట్‌కి వెళ్లాం. అమ్మ మంచి చీర కట్టుకుంది. గుమ్మం దగ్గర వాచ్‌మన్ టెంపరేచర్ చూసి "మాస్కేదమ్మా?" అన్నాడు. షీల్డు చూపించాను. "ఇది లెక్కలోకి రాదండి." కేంద్రం రూల్స్‌లో ముఖం కప్పుకోవాలని కదా ఉంది, ఇది ముఖం మొత్తం కప్పుతోంది కదా అని నేను లాయర్‌లా మొదలెట్టాను. వెనక క్యూ పెరుగుతోంది. లోపలి నుంచి సూపర్‌వైజర్ వచ్చాడు, కుర్రాడే. ఏమీ వాదించలేదు. చేతిలో ఉన్న బిల్లు కాగితాన్ని అమ్మ గడ్డం కింద, షీల్డు అంచు దగ్గర పట్టుకుని "ఒకసారి ఊదండమ్మా" అన్నాడు. ఊదింది. కాగితం రెపరెపలాడింది. నా దగ్గర ఇంక మాట లేదు. "పోనీలే బాబూ, ఇంటికి పోదాం పద" అంది అమ్మ. ఏడు నెలల తర్వాత బయటికొచ్చి, కొట్టు గుమ్మం చూసి తిరిగెళ్లింది.

రాత్రి కూర్చుని చదివాను, ఆ పని కొనకముందు చేసుండాల్సింది. షీల్డు ముఖ్యంగా కళ్లకి రక్షణ. డాక్టర్లు పెట్టుకునేది మాస్కు మీద, మాస్కు బదులు కాదు. జపాన్‌లో ఫుగాకు సూపర్ కంప్యూటర్ మీద లెక్క వేస్తే, 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న తుంపర్లు దాదాపు 100 శాతం షీల్డు సందుల్లోంచి బయటికి పోతున్నాయట. మన సూపర్‌వైజర్ కుర్రాడికి బిల్లు కాగితం చాలింది.

పొద్దున్నే షాపుకి వెళ్లాను. అసలు మంట ఇక్కడే. "మాస్కు బదులని నేనెప్పుడన్నాను? మాస్కుతో పాటు అన్నాను" అన్నాడు, కళ్లలోకి చూస్తూ. సరే, వాడని రెండైనా తీసుకోమన్నాను. "ఫిలిం పీకేసిన సరుకు వాపసు తీసుకోం." షీల్డు మీద అంటించి వచ్చే ఆ నీలం ఫిలిం పీకకపోతే ఎదురుగా ఎవరున్నారో కూడా కనపడదు, మూడూ ముందే పీకి పెట్టాను. అమ్మ సంగతి చెప్పాను, ఆయాసం మనిషి, గుమ్మంలోంచి పంపేశారు అని. తలెత్తకుండా డబ్బులు లెక్కపెట్టుకుంటూ అన్నాడు: "ఊపిరాడని ముసలావిణ్ణి బజారుకి ఎవరు తిప్పమన్నారండీ?"

అయిదు వందలు పోతే పోయాయి. ఆ మాట మాత్రం ఇంకా చెవిలోనే ఉంది. ఏమీ అనలేక వచ్చేశాను, బండి స్టార్ట్ చేశాక గుర్తొచ్చాయి అనాల్సినవన్నీ.

కొనేవాళ్లుంటే, కళ్లజోడు పైన అదనంగా కావాలంటే కొనుక్కోండి, కింద మాస్కు మాత్రం ఉండాల్సిందే. ఆయాసం ఉన్నవాళ్లని తీసుకెళ్లేముందు డాక్టర్‌ని అడగండి, లేదా సరుకులు ఇంటికి తెప్పించుకోండి. బిల్లు తీసుకోండి. నేను 40 రూపాయలు మిగిల్చుకున్నాను.