రీపర్‌లో టెంపో మ్యాప్: డప్పుకు పనికొస్తుంది, కానీ చేతులు నొప్పి

వరంగల్, హన్మకొండ వైపు బతుకమ్మ పాటలు, డప్పు దరువులు రికార్డు చేసేటప్పుడు క్లిక్ (చెవిలో సమానంగా కొట్టే లయ శబ్దం) పెట్టి వాయించమంటే ఊపు పోతుంది. క్లిక్ లేకుంటే 96 బీపీఎంలో (నిమిషానికి 96 దెబ్బల వేగం) ఎత్తుకున్న పాట ఆఖరి చరణానికి 104 దాటొచ్చు. అంటే నాలుగు దెబ్బల బార్ 2.5 సెకన్ల నుంచి 2.31కి తగ్గినట్టు. కాబట్టి తెర మీది బార్ల గీతలు, అంటే గ్రిడ్డే, పాట వెంట నడవాలి. దీన్నే టెంపో మ్యాప్ అంటారు.

రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పని అవుతుంది. ముందు ఆల్ట్ ఎంటర్ కొట్టి, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌బేస్‌ను (రికార్డింగు దేన్ని పట్టుకుని నిలవాలో చెప్పే సెట్టింగు) ‘టైమ్’కు మార్చాలి. ఇది మరిస్తే టెంపో మార్చగానే రికార్డు చేసిన డప్పే సాగుతుంది, గ్రిడ్ కుదిరినట్టు కనిపించినా లాభం లేదు. హార్మోనియం మిడి ట్రాకుకు (శబ్దం కాకుండా స్వరాల సమాచారం ఉండేది) మాత్రం విడిగా ‘బీట్స్’ ఇవ్వాలి. తర్వాత మొదటి దెబ్బ నుంచి తర్వాతి బార్ మొదటి దెబ్బ దాకా సెలెక్ట్ చేసి ‘క్రియేట్ మెజర్ ఫ్రమ్ టైమ్ సెలెక్షన్’ నడిపితే టెంపో లెక్క అదే కడుతుంది. విడిగా ఒక టెంపో మార్కరు (వేగం మారే చోట గుర్తు) పెట్టాలంటే షిఫ్ట్ సీ నొక్కాలి.

చిక్కంతా సవరణలో. మధ్యలో ఒక మార్కరు జరిపితే ముందు కుదిర్చిన బార్లు చెదరొద్దు. గ్రిడ్ గీతను పట్టి దెబ్బ మీదికి లాగే సౌకర్యం ఎస్‌డబ్ల్యూఎస్ ఎక్స్‌టెన్షన్‌లో (రీపర్‌కు విడిగా జోడించుకునే అదనపు భాగం) ఉంది. అది అసలు సాఫ్ట్‌వేర్‌లోనే, మౌస్‌కు అందేలా ఉండాలి. కుదిరిన బార్లకు తాళం వేసే బటన్ ఇంకా అవసరం. రీపర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు.