చాచా గిర్ని: నాలుగు స్టార్లు, ఐదోది మిరపకాయలకు పోయింది

హైదరాబాద్‌లో రామ్‌నగర్ చేపల మార్కెట్ దాటి పార్సిగుట్ట వైపు సందుల్లోకి తిరిగితే ఒక పాత గిర్ని ఉంది. బోర్డు రంగు వెలిసిపోయి అక్షరాలు కనపడవు, ఎవరినడిగినా చాచా గిర్ని అనే చెప్తారు. మాది ఒంగోలు వైపు, మేం పిండి మర అంటాం. 2014లో ఇక్కడికొచ్చిన కొత్తలో "పిండి మర ఎక్కడండీ" అని అడిగితే అందరూ నా మొహం వింతగా చూశారు.

ముందు పని సంగతి. రాళ్ల గిర్ని ఒకటి, కారం పసుపులకు విడిగా మిషన్ ఒకటి. గోధుమలు కిలోకి చాచా పది రూపాయలు తీసుకుంటాడు. పిండి పడే గుడ్డ గొట్టం కింద చెయ్యి పెట్టి, బొటనవేలితో రుద్ది చూసి, రాయి బిగించాలో వదలాలో తేల్చేస్తాడు, మనం చెప్పక్కర్లేదు. మా వెనక వీధి మార్వాడీ ఆంటీ లడ్డూలకి శనగపిండి కాస్త మోటుగా కావాలంటుంది, రంజాన్ నెలలో హలీమ్ గోధుమలు పగలగొట్టి వదిలేస్తే చాలు. (హైదరాబాదీ హలీమ్‌కి 2010లోనే జీఐ ట్యాగ్, అంటే ఈ ఊరి ప్రత్యేకతని గుర్తింపు, వచ్చింది గానీ, అందులో గోధుమలుంటాయన్న సంగతి నాకు ఈ లైన్లో నిలబడ్డాకే తెలిసింది, నవ్వకండి.)

లైన్ అంటే డబ్బాల లైన్. స్టీలు డబ్బా, పెయింట్ డబ్బా, ఎవరిదో స్కూలు బ్యాగు. ఆదివారం పొద్దున గంట పడుతుంది, ఫోన్ మాట్లాడదామంటే ఆ చప్పుడులో కుదరదు, కాబట్టి పక్కవాళ్ల డబ్బాలోకి చూడటమే పని. మా అపార్ట్‌మెంట్‌లో నలభై ఫ్లాట్లు, వాట్సాప్ గ్రూపులో పార్కింగ్ గొడవ తప్ప ఇంకో మాటుండదు, ఎదురింటాయన ఏ ఊరాయనో ఇవాళ్టికీ తెలీదు. ఇక్కడ మాత్రం ఎవరింట్లో షుగర్ వచ్చి జొన్నరొట్టెకి మారారో కూడా తెలిసిపోతుంది. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచి ఆఫీసు ఐడీ కార్డు మెడలో వేసుకున్న పిల్లలు కొర్రలు, సామలు పట్టుకొస్తున్నారు. జనగామ వైపు అవ్వ ఒకామె వాళ్లని చూసి "గివి తినలేకనే మేం పట్నమొచ్చినం" అని పగలబడి నవ్వింది.

బతుకమ్మ ముందు రోజుల్లో ఆ అవ్వే వేయించిన మక్కలు, అదే మొక్కజొన్నలు, తెచ్చింది. వెనకాల టైల్స్ పని చేసే బీహార్ కుర్రాడు, చేతిలో వేయించిన శనగలు. చాచా ఏంటని అడిగితే ఇద్దరూ ఒకేసారి "సత్తు" అన్నారు. అవ్వ వెనక్కి తిరిగి "సత్తంటే మక్కలది గాదు బిడ్డా?" అంది, వాడు కాదు చనేకా, శనగలది, అన్నాడు. పిండి పట్టించాక చెరో చిటికెడు మార్చుకున్నారు. వాడికి పొడి గొంతులో పడి దగ్గు, అవ్వ నీళ్ల సీసా అందిస్తూనే బెల్లం కలపాలని పాఠం, వాడేమో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ అంటాడు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

దీపావళి అయ్యాక ఛఠ్ పూజకని వాడే కడిగి ఎండబెట్టిన గోధుమలతో వచ్చాడు. ఆ ప్రసాదం పిండి మడిగా పట్టాలట, చాచా గిర్ని ఆపి, ఊడ్చి, తొట్టి తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాడు. అరగంట పోయింది. అందరూ ఓపిగ్గా ఉన్నారని రాయను, నేనే ఆఫీసుకి లేటని గొణుక్కున్నాను. వారం తర్వాత వాడిచ్చిన ఆ ప్రసాదం, ఠేకువా అంటారు, ఒకటి చాచా నా చేతిలో పెట్టాడు. రాయిలా ఉంది, టీలో ముంచితే తప్ప పన్ను దిగలేదు, రుచి మాత్రం మన తీపి గవ్వలకు దగ్గర.

ఇక ఆ ఐదో స్టార్. ఒకరోజు కారం మిషన్ చెడిపోతే ఎవరివో మిరపకాయలు రాళ్ల గిర్నిలోనే ఆడించి, సరిగ్గా దులపకుండా నా ఐదు కిలోల గోధుమలు పోశాడు. చపాతీ తిన్న మా చిన్నోడు ఏడుపు లంకించుకున్నాడు. వెళ్లి అడిగితే "ఈ వారం కూర ఖర్చు తప్పింది బేటీ" అని నవ్వాడే గానీ డబ్బులు తిరిగివ్వలేదు. కాబట్టి మీ ముందు డబ్బాలో ఏముందో చూసుకోండి.

సంక్రాంతికి ముందు అసలు వెళ్లొద్దు, సకినాలకీ మా అరిసెలకీ తడి బియ్యం లైన్ రాత్రి పది దాకా సాగుతుంది. పిండి వేడిగా వస్తుంది, ఇంటికెళ్లగానే మూత తీసి ఆరబెట్టకపోతే చెమ్మ పడుతుంది. జొన్నలు రెండు కిలోలకు మించి పట్టించకండి, పిండి పాతబడితే తడుతుంటేనే రొట్టె విరుగుతుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి మూస్తాడు. ఫోన్‌పే ఉంది గానీ సౌండ్ బాక్స్ అరిచినా వినపడదు, స్క్రీన్ చూపించేదాకా డబ్బా మీద నుంచి చెయ్యి తియ్యడు.